కాపోడిమోంటే పూలబుట్ట, బొమ్మలు: నల్లగొండ, పాలమూరు ఇళ్లలో ఏది నిలుస్తుంది

కాపోడిమోంటే అనో, ఇటలీ పింగాణీ అనో పేరుతో మన షోకేసుల్లోకి వచ్చేవి ముఖ్యంగా మూడు రకాలు. గులాబీలు గుత్తులుగా పేర్చిన పూలబుట్ట ఒకటి. బెంచీ మీద కూర్చున్న ముసలాయన, చెప్పులు కుట్టేవాడు, గాలం పట్టుకున్న జాలరి లాంటి మనిషి బొమ్మ రెండోది. సన్నగా పొడుగ్గా, గౌను కుచ్చిళ్లు గాలికి లేచినట్టుండే ఆడమనిషి బొమ్మ మూడోది. అమెరికా నుంచో దుబాయి నుంచో వచ్చే చుట్టాలు గృహప్రవేశానికి తెచ్చేవి ఇవే, పాత సామాను అమ్మేవాళ్ల దగ్గరా ఆన్‌లైన్‌లోనూ దొరికేవీ ఇవే. నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, వనపర్తి ఇళ్లలో వీటికి ఎదురయ్యేవి వేరు: మే నెల ఎండ, బోరు నీళ్లు, ఎర్రచెలక దుమ్ము, బండల నేల, పోపు పొగ. ఈ సమీక్ష వాటిని దృష్టిలో పెట్టుకుని రాసింది.

తీర్పు ముందే చెబుతున్నాం. మొదటిసారి కొనేవాళ్లు పూలబుట్ట జోలికి పోవద్దు. కూర్చున్న మనిషి బొమ్మ, చేతులు ఒంటికి ఆనుకుని ఉన్నది, గ్లేజు, అంటే పైన గాజులాంటి పూత, మెరుస్తున్నది తీసుకోండి. పూలబుట్టకు అందంలో పదికి పది ఇవ్వాల్సిందే, మన దగ్గర మన్నికకు మాత్రం మూడు మించి ఇవ్వలేం. మనిషి బొమ్మకు మన్నికలో ఏడు. ఆడమనిషి బొమ్మ చూపుకు పింగాణీయే గానీ సరుకు వేరు. ఎండ తగలని గోడకు ఆరు, కిటికీ పక్కకు రెండు.

పేరు చూసి డబ్బు పెట్టొద్దు

కాపోడిమోంటే అనేది నేపుల్స్‌లో ఒక గుట్ట. 1743లో అక్కడి రాజు, బూర్బన్ వంశపు చార్లెస్, ఆయన భార్య మరియా అమాలియా అక్కడ పింగాణీ కార్ఖానా పెట్టించారు. యూరప్‌లో గట్టి పింగాణీని మొదట తయారుచేసిన జర్మనీలోని మైసెన్ కార్ఖానాను 1710లో పెట్టించింది ఈమె తాత అగస్టస్. కాబట్టి ఆమెకు ఆ మోజు పుట్టింటి నుంచే వచ్చిందనుకోవచ్చు. 1759లో చార్లెస్ స్పెయిన్‌కు రాజై వెళ్తూ కార్ఖానాను పనివాళ్లతో సహా మాడ్రిడ్‌కు తరలించాడు. అంటే అసలు కాపోడిమోంటే పని నడిచింది పదహారేళ్లే. ఆ కాలపు ముద్ర మూడు రేకుల లిల్లీ పువ్వు. తర్వాత చార్లెస్ కొడుకు ఫెర్డినాండ్ 1771లో నేపుల్స్ పనిని మళ్లీ మొదలుపెట్టించాడు. కిరీటం కింద ఎన్ అక్షరం ఉండే ముద్ర అప్పటిది.

ఆ కిరీటం, ఎన్ ముద్రను ఆ తర్వాత ఇటలీలో, జర్మనీలో ఎందరో తయారీదారులు వేసుకున్నారు. అందుకే అడుగున నీలం రంగులో కిరీటం కనిపిస్తే అది రాజుగారి కాలందని అనుకోవద్దు, అలా అని నకిలీ అనీ కొట్టిపారేయొద్దు. కాపోడిమోంటే ఇప్పుడు ఒక కంపెనీ పేరు కాదు, ఒక పనితీరు పేరు. మన చేతికి వచ్చేవి దాదాపు అన్నీ 20వ శతాబ్దంలో చేసినవి. అడుగున ఇటలీలో తయారైందని ఇంగ్లిషులో అచ్చయి ఉంటే అది ఎగుమతికి చేసిన ఆధునిక సరుకు. అందులోనూ చక్కటి చేతిపని ఉంటుంది, ధర మాత్రం రెండువందల యాభై ఏళ్ల నాటి దానిలా అడిగితే లేచి వచ్చేయండి.

ఫ్లోరెన్స్ దగ్గర దోచ్చాలో కార్లో జినోరి 1735లో మొదలుపెట్టిన కార్ఖానా సంగతి వేరు. అది ఇవాళ జినోరి 1735 పేరుతో నడుస్తోంది, వాళ్ల సరుకు మీద పేరు స్పష్టంగా ఉంటుంది. అయితే వాళ్ల దగ్గర ఎక్కువగా పళ్లేలు, కప్పులు. షోకేసు బొమ్మల కోసం వెతికేవాళ్లకు అవి తక్కువ తగులుతాయి.

మూడో రకం బొమ్మల్లో బాగా పేరున్నవి ఫ్లోరెన్స్ శిల్పి జుసెప్పె అర్మానీవి. బట్టలు, అత్తర్ల అర్మానీకీ వీటికీ సంబంధం లేదు, అమ్మేవాళ్లు కలిపి చెబితే నమ్మొద్దు. వీటిని బట్టీలో కాల్చరు. పింగాణీ పొడిని రెజిన్‌లో, అంటే గట్టిపడే ప్లాస్టిక్ లాంటి ద్రవంలో కలిపి అచ్చులో పోసి గట్టిపడనిచ్చి, పైన చేతితో రంగులు వేస్తారు. లేత నీలం, బూడిద రంగుల్లో నున్నగా ఉండే ల్యాడ్రో బొమ్మలను కూడా కొందరు ఇటలీవని అమ్ముతారు, అవి స్పెయిన్‌లోని వాలెన్సియావి.

రేకు ఎక్కడ విరుగుతుంది, ఎందుకు

గట్టి పింగాణీకి కావలసినవి మూడు. తెల్లమట్టి కయోలిన్ దాదాపు సగం, ఫెల్డ్‌స్పార్ పావు, క్వార్ట్జ్ పావు. చివరి రెండు రాళ్లనూ మన పాలమూరు వైపు కూడా తవ్వుతారు. ఈ మూడింటినీ మెత్తగా నూరి, నీళ్లతో పాలలా కలిపి ప్లాస్టర్ అచ్చులో పోస్తారు. ప్లాస్టర్ నీటిని పీల్చుకుంటుంది, అచ్చు గోడకు మట్టి ఒక పొరగా పడుతుంది, మిగిలింది వంపేస్తారు. అందుకే బొమ్మ లోపల డొల్ల. తల, చేతులు, టోపీ, గాలపు కర్ర అన్నీ వేరువేరు అచ్చుల్లో చేసి, అదే మట్టిని జావలా కలిపి అతికిస్తారు. బట్టీలో 1300 డిగ్రీలు దాటాక ఫెల్డ్‌స్పార్ కరిగి రేణువుల మధ్య గాజులా నిండుతుంది. నీళ్లు పీల్చకపోవడం, మీటితే మోగడం, పలచటి చోట వెలుతురు దాటడం అన్నీ దాని వల్లే.

పువ్వు మాత్రం అచ్చుది కాదు. చిన్న మట్టి ఉండను వేళ్ల మధ్య నొక్కి రేకు చేస్తారు, అంచును ఇంకా పలచన చేసి వెనక్కి మడుస్తారు, మధ్య మొగ్గ చుట్టూ ఒక్కొక్క రేకూ అతికిస్తారు. గులాబీని దగ్గరగా చూస్తే కొన్నిటిలో రేకు మీద పనిచేసినవాళ్ల వేలిగీతలు కూడా గ్లేజు కింద కనిపిస్తాయి. ఆ పువ్వును మళ్లీ బుట్ట అంచుకు అతికిస్తారు. ఆరేటప్పుడు, కాలేటప్పుడు మట్టి ఎనిమిదో వంతు దాకా కుంచించుకుంటుంది. పలచటి రేకు ముందు ఆరుతుంది, మందపాటి మొదలు తర్వాత ఆరుతుంది, ఆ లాగుడంతా అతుకు మీద పడుతుంది. కాబట్టి పూలబుట్ట విరిగే చోట్లు ముందే తెలిసినవి: బయటి వరుస రేకుల కొసలు, పువ్వు బుట్టను తాకే చోటు, పట్టెడ, అంటే బుట్ట పిడి, రెండు చివరలు. పట్టెడ చూడ్డానికి పట్టుకోవడానికే చేసినట్టుంటుంది, దాన్ని పట్టుకుని మాత్రం ఎత్తొద్దు. ఒక చెయ్యి అడుగు కింద, ఇంకో చెయ్యి బుట్ట నడుముకు ఆనించి ఎత్తాలి. మనిషి బొమ్మనూ తల, చెయ్యి, బెంచీ వెనకపలక పట్టుకోకుండా పీట అడుగు నుంచే.

రంగుల సంగతి ఇంకొకటి. గ్లేజు కాల్చిన తర్వాత పైన రంగులు వేసి మళ్లీ 700 నుంచి 850 డిగ్రీల్లో కాలుస్తారు. ఆ రంగులు గ్లేజు పైన పలచటి గాజుపొరగా కూర్చుంటాయి. మెరుపు బంగారం ఇంకా పలచన, వెంట్రుక మందంలో నూరో వంతు కూడా ఉండదు. మన ఇళ్లలో ఇత్తడి మెరవాలంటే చింతపండు, నిమ్మచెక్క చేతికి వస్తాయి. పింగాణీ మీది బంగారానికి అవి తగలకూడదు. పులుపు బంగారాన్ని ఏమీ చేయదు, దాన్ని పట్టి ఉంచిన మెత్తటి గాజుపొరను తింటుంది, తర్వాత తుడిచినప్పుడు బంగారం గుడ్డకు వచ్చేస్తుంది. తోమే పొడి, ముగ్గుపిండి, బూడిద, గీకుడు పీచు ఏది వాడినా ఒక్కసారికే గీతలు. పింగాణీ పాడయ్యేది కిందపడే కన్నా శుభ్రం చేసేటప్పుడే ఎక్కువ.

కొనేముందు చూడాల్సినవి

ఫోన్ టార్చి చాలు. పువ్వు వెనక వెలుతురు పెడితే పింగాణీ రేకు అంచు పాలరంగులో వెలుగుతుంది, రెజిన్‌ది వెలగదు. చెంపకు ఆనిస్తే పింగాణీ చల్లగా తగిలి ఆ చల్లదనం కాసేపు నిలుస్తుంది, రెజిన్ వెంటనే ఒంటి వేడికి వస్తుంది. బొమ్మను తిప్పి అడుగు చూడండి. కాల్చిన పింగాణీ బొమ్మకు ఒక చిన్న రంధ్రం ఉంటుంది, లోపలి గాలికి దారి లేకపోతే బట్టీలోనే పగిలేది. రెజిన్ బొమ్మకు రంధ్రంతో పని లేదు, చాలావాటికి అడుగున మెత్తటి గుడ్డో చెక్క పీటో ఉంటుంది.

పగుళ్లలో రెండు రకాలు. బట్టీలోనే వచ్చిన పగులు అంచులు గుండ్రంగా ఉంటాయి, గ్లేజు అందులోకి దిగి ఉంటుంది, వేలితో రాస్తే తగులుకోదు. అది పెరగదు, దాన్ని చూసి బెదరక్కర్లేదు. తర్వాత తగిలిన దెబ్బది పదునుగా ఉంటుంది, సన్నటి నల్లగీతలా మురికి పట్టి ఉంటుంది. అలాంటిది పట్టెడ మొదట్లో కనిపిస్తే ఆ బుట్ట వద్దు. అతికించి రంగేసిన చోట్లు మామూలు వెలుతురులో దొరకవు. నోట్లు చూసే చిన్న యూవీ లైటుతో చీకటి గదిలో చూస్తే, పాత జిగురు, కొత్త రంగు పక్కనున్న గ్లేజు కన్నా వేరే మెరుపులో బయటపడతాయి. లోపలి రేకుల కొసల్లో రెండు మూడు పెచ్చులు పోయి ఉండటం పాత పూలబుట్టల్లో మామూలే, ధర తగ్గించమనడానికి అది చాలు. బయటి వరుసలో పువ్వే పోయి ఉంటే ఆ లోటు ఎప్పటికీ కళ్లలో పడుతుంది.

ఆన్‌లైన్‌లో కొంటే నాలుగు పక్కలా, పైనుంచి, అడుగు నుంచి ఫొటోలు అడగండి. అడుగు ఫొటో పంపడానికి వెనకాడేవాళ్ల దగ్గర కొనొద్దు. పార్సిల్ విప్పేటప్పుడు మొదటి టేపు కోసే దగ్గర్నుంచి వీడియో తీసి పెట్టుకోండి, విరిగి వస్తే మాట్లాడటానికి అదొక్కటే ఆధారం. హైదరాబాద్‌లో కొన్నది అయితే పార్సిల్‌కు ఇవ్వకుండా బస్సులో ఒడిలో పెట్టుకుని తెచ్చుకోవడం మేలు. హైదరాబాద్ దాకా వెళ్లినవాళ్లు సాలార్‌జంగ్ మ్యూజియంలో యూరప్ పింగాణీ గదులు కూడా చూసి రండి. మంచి గ్లేజు, మంచి రంగు ఎలా ఉంటాయో కంటికి తెలిశాక బజార్లో మోసపోవడం తగ్గుతుంది.

ఇంకో పరీక్ష తప్పనిసరి, ముఖ్యంగా రంగుల పూలకు. కాల్చకుండా పైపైన వేసిన రంగు కూడా కొన్నిటిపై ఉంటుంది. చెవి పుల్ల దూదిని నీళ్లలో తడిపి, పిండేసి, కనపడని చోట మెల్లగా దొర్లించండి. దూదికి రంగు అంటితే ఆ వస్తువుకు జీవితంలో నీళ్లు తగలకూడదు, పొడి బ్రష్షే గతి.

షోకేసు

టీవీ పక్కన తెరిచి ఉండే అరల్లో పూలబుట్ట పెడితే ఏడాది తిరిగేసరికి రేకుల మధ్య దుమ్ము, జిడ్డు కలిసి ముద్దకడతాయి. ఎర్రచెలక దుమ్ము సన్నటిది, గట్టిది. దాంట్లో క్వార్ట్జ్ రేణువులుంటాయి, పొడిగుడ్డతో రుద్దితే అవే గీస్తాయి. దామరచర్ల, మఠంపల్లి వైపు సిమెంటు దుమ్ము, మిర్యాలగూడలో మిల్లుల పొట్టు కూడా తోడవుతాయి. అద్దాల తలుపు తప్పదు. మన దగ్గర ఎక్కువగా చేసేవి జరిపే అద్దాలు, రెండు అద్దాలు ఒకదాని మీద ఒకటి వచ్చే సందులోంచి దుమ్ము దూరుతుంది. అల్యూమినియం కిటికీలు చేసేవాళ్ల దగ్గర బొచ్చు పట్టీ దొరుకుతుంది, దాన్ని ఆ సందుకు నిలువునా అతికించమనండి. ఖర్చు కొద్దిగా, ఫలితం ఎక్కువ. అరకు 8 మిల్లీమీటర్ల అద్దం, ఆనింపుల మధ్య 60 సెంటీమీటర్లకు మించకుండా. అర ముందు అంచుకు ఒక సెంటీమీటరు ఎత్తు అక్రిలిక్ పట్టీ పెట్టించుకుంటే జారినా కిందకు రాదు.

వంటింటి గోడకు వెనకవైపు, వాషింగ్ మెషిన్ ఆనుకున్న గోడ, నీళ్ల మోటరు గోడ, ధడాలున పడే తలుపు పక్క ఇవేవీ పనికిరావు. అదురుకు బొమ్మ రోజుకు కొంత జరుగుతుంది, అంచుకు వచ్చేదాకా ఎవరూ గమనించరు. గ్రానైటు క్వారీల దగ్గరి ఊళ్లలో ఇది ఇంకా ఎక్కువ. ఇందుకు మ్యూజియం మైనం అని అమ్ముతారు, బఠాణీ గింజంత ముద్దలు మూడు అడుగున పెట్టి నొక్కి కొద్దిగా తిప్పాలి. కొవ్వొత్తి మైనం, తేనెమైనం దానికి బదులు కావు, మే నెలలో మూసిన హాలు 40 డిగ్రీలు దాటితే మెత్తబడి జారతాయి. గ్లేజు లేని, సుద్దలా ఉండే తెల్లటి బొమ్మలకు మైనం అసలు వద్దు, నూనె అడుగులోకి ఇంకి మరక పడుతుంది. వాటి కింద ప్యాకింగ్‌లో వచ్చే పలచటి తెల్ల ఫోమ్ షీటు కోసి వేస్తే చాలు.

బట్టీలో కాల్చిన పింగాణీ రంగు ఎండకు వెలవదు. రెజిన్ బొమ్మను మాత్రం ఎండ పసుపు చేస్తుంది, పడమటి కిటికీ పక్కనైతే మరీ తొందరగా. షోకేసులో ఎల్‌ఈడీ పట్టీయే పెట్టించి, దాని డబ్బా మాత్రం బయట ఉంచండి. పూజగది పక్కన షోకేసు ఉంటే అగరుబత్తి, సాంబ్రాణి మసి జిడ్డుగా అద్దం లోపలకూ వస్తుంది.

తెరిచి ఉంచిన పూలబుట్టల్లో కుమ్మరి పురుగు గూడు కడుతుంది. గోరుతో, పుల్లతో గీకి తీయబోతే గూటితో పాటు రేకు వస్తుంది. తడి దూది దాని మీద పెట్టి నానిన కొద్దీ మట్టిని బ్రష్‌తో తీయాలి, నాలుగైదు సార్లు చేయాల్సి రావచ్చు. బల్లి రెట్టను కనపడిన రోజే తడి దూదితో తీసేయండి, గ్లేజు లేని చోట ఆలస్యం చేస్తే తెల్లమచ్చ నిలిచిపోతుంది.

దుమ్ము దులపడం, కడగడం

ఈక కుంచె, గుడ్డ రెండూ నిషేధం. రేకు కొసకు దారం తగులుకుంటే చాలు. మెత్తటి గుండ్రటి పెయింటింగ్ బ్రష్ ఒకటి, కొంచెం వెడల్పు మేకప్ బ్రష్ ఒకటి తీసుకుని, బ్రష్‌కు ఉండే లోహపు పట్టీని టేపుతో చుట్టేయండి, ఆ లోహం తగిలి పోయే పెచ్చులే ఎక్కువ. రేకు మొదలు నుంచి కొస వైపు బ్రష్ లాగాలి, వెనక ఒక వేలు ఆనించి పట్టాలి. లోతు మూలల్లోకి కెమెరా లెన్సుకు వాడే రబ్బరు బల్బుతో గాలి ఊదండి. షోకేసు మూసి ఉంటే మూడు నెలలకోసారి ఇది చాలు.

కడగడం ఏడాదికి ఒకసారి మించి అక్కర్లేదు, అదీ పూర్తిగా గ్లేజు ఉన్నవాటికి, రంగు పరీక్షలో నెగ్గినవాటికి, పాత అతుకులు లేనివాటికి మాత్రమే. పూల కాడల్లో ఇనుప తీగ ఉన్న రకాలు కొన్ని ఉన్నాయి, తీగ తడిస్తే తుప్పు రేకు మీదికి దిగుతుంది, వాటినీ కడగొద్దు.

సింకులో కడగొద్దు, నల్లా ముక్కుకు తగలడం ఖాయం. ప్లాస్టిక్ టబ్బులో తువ్వాల మడిచి పరవండి. ఉంగరాలు, గాజులు, వాచీ తీసేయండి. లీటరు గోరువెచ్చటి నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు మూడు చుక్కలు, అంతకన్నా వద్దు. బొమ్మను నీళ్లలో ముంచకుండా తువ్వాల మీద నిలబెట్టి, బ్రష్‌ను నీళ్లలో ముంచి, పై నుంచి కిందికి కొంచెం కొంచెంగా కడగాలి. ముంచితే అడుగు రంధ్రంలోంచి డొల్లలోకి నీళ్లు పోతాయి. అవి తొందరగా బయటికి రావు, రోజుల తరబడి కారుతూ లోపలి దుమ్మును తెచ్చి షోకేసు అర మీద గోధుమరంగు మరక చేస్తాయి.

ఎండాకాలం మధ్యాహ్నం ట్యాంకు నీళ్లు చేతికి కాలుతాయి. ఏసీ గదిలోంచి తెచ్చిన బొమ్మ మీద ఆ నీళ్లు పోస్తే సన్నటి పగుళ్లున్నవి అక్కడే విచ్చుకుంటాయి. బొమ్మా నీళ్లూ ఒకే గదిలో గంటసేపు పెట్టి, తర్వాత మొదలుపెట్టండి.

ఇక నీళ్లు. నల్లగొండ నీళ్లనగానే ఫ్లోరైడ్ గుర్తొస్తుంది, అది తాగే మనిషి ఎముకలకు ముప్పు. పింగాణీకి బోరు నీళ్లతో వచ్చే చిక్కు సున్నపు ఉప్పులది. గులాబీ మధ్యలో నిలిచిన ఒక్క చుక్క ఆరితే తెల్లటి వలయం మిగులుతుంది, ఎర్రటి రేకు మీద అది దూరం నుంచే కనిపిస్తుంది. కృష్ణా నుంచి వచ్చే భగీరథ నల్లా నీళ్లు కొంత నయం. సబ్బు నీళ్లకు అవి సరిపోతాయి. చివరి కడుగుకు మాత్రం బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ తెచ్చుకోండి, బ్యాటరీ షాపుల్లో, పెట్రోలు బంకుల్లో లీటరు సీసాలు దొరుకుతాయి. యాసిడ్ సీసా కూడా పక్కనే ఉంటుంది, లేబుల్ పైలంగా చూసి తీసుకోవాలి. స్ప్రే సీసాలో పోసి కొడితే మధ్యస్థం పూలబుట్టకు అర లీటరు నుంచి లీటరు పడుతుంది. అది దొరకకపోతే ఫిల్టర్ ప్లాంటు క్యాన్ నీళ్లు వాడొచ్చు.

తర్వాత రబ్బరు బల్బుతో రేకుల మధ్య నీళ్లు ఊదేసి, నూలుగుడ్డ మీద నీడలో ఒక రోజంతా ఉంచండి. హెయిర్ డ్రయ్యర్ వాడితే చల్లగాలే. గుడ్డతో తుడవొద్దు, అద్దండి.

ముందే పడిన తెల్లమరకకు వెనిగర్, నిమ్మరసం పోయాలనిపిస్తుంది. రంగు, బంగారం ఉన్నచోట వద్దు. డిస్టిల్డ్ వాటర్‌లో తడిపిన దూదిని పది నిమిషాలు మరక మీద ఉంచి తీసి, కొత్త దూది పెట్టి, మరక మెత్తబడేదాకా అలాగే కొనసాగించాలి. పూర్తిగా పోకపోయినా పలచబడుతుంది, అక్కడ ఆపేయడమే మంచిది. బట్టల బ్లీచింగ్ ఎందుకూ వాడొద్దు, అందులోని క్లోరిన్ బంగారాన్ని పాడుచేస్తుంది, పగుళ్లలో మిగిలిన ఉప్పులు తర్వాత స్ఫటికాలై గ్లేజును పెళ్లగిస్తాయి.

రెజిన్ బొమ్మకు కడుగుడే లేదు. పొడి బ్రష్, మరీ గలీజు అయితే పిండిన తడి దూది. స్పిరిట్, నెయిల్ పాలిష్ తీసే ద్రవం తగిలితే రంగు లేచిపోతుంది.

విరిగితే

మొదట చేయాల్సింది ముక్కలన్నీ ఏరడం. బండల నేల మీద పడితే రేకు ముక్కలు మంచం కిందికీ సోఫా కిందికీ పోతాయి, చీపురు పట్టకముందే ఫోన్ టార్చిని నేలకు ఆనించి వెలుతురు పారించి వెతకండి, ముక్కలు మెరుస్తాయి. ఒక్కొక్కటీ దూదిలో విడివిడిగా చుట్టి డబ్బాలో పెట్టండి. విరిగిన అంచులను ఒకదానికొకటి ఆనించి సరిపోతాయేమో చూడొద్దు, ప్రతిసారీ అంచు అరుగుతుంది.

ఇంట్లో అందరూ తీసేది ఇన్‌స్టంట్ జిగురు. ఒక్క రేకు కొస అయితే పని జరుగుతుంది గానీ, వంకరగా అతికితే సరిచేసే టైం ఇవ్వదు, అంచు దాటి కారితే గ్లేజు మీద తెల్లపొర కడుతుంది. నెయిల్ పాలిష్ తీసే ద్రవాల్లో ఉండే ఎసిటోన్‌తో మెత్తబడుతుంది, కానీ ఎసిటోన్ కాల్చని రంగును తీసేస్తుంది. పట్టెడ లాంటి బరువు మోసే చోట ఈ జిగురును నమ్మొద్దు.

మ్యూజియంలలో పింగాణీకి వాడే పారాలాయిడ్ బి-72 అనే జిగురు ఆన్‌లైన్‌లో దొరుకుతోంది, ఎసిటోన్‌తో ఎప్పుడైనా ఊడదీయొచ్చు, పసుపు రంగుకు మారదు, అందుకే దాన్ని మెచ్చుకుంటారు. మన దగ్గర దానికి ఒక చిక్కుంది. అది 40 డిగ్రీల దగ్గర మెత్తబడే సరుకు. చల్లటి దేశాల్లో అది సమస్య కాదు. నల్లగొండలో మే నెలలో బయట 44, 45 డిగ్రీలు, కరెంటు పోయిన గదిలో అరమీద 40 దాటడం వింత కాదు. అప్పుడు అతుకు మెల్లగా సాగి పట్టెడ వాలుతుంది. కాబట్టి రేకులకు, చిన్న పువ్వులకు బి-72 వాడండి. పట్టెడ, చెయ్యి, తల లాంటివి మాత్రం ఎపాక్సీతో, అంటే రెండు ద్రవాలు కలిపి వాడే గట్టి జిగురుతో, పని తెలిసినవాళ్ల చేత చేయించాల్సినవి. ఎపాక్సీ కాలంతో కొంచెం పసుపు తిరుగుతుంది, ఊడదీయడం కష్టం, కానీ ఎండకు జారదు. అతికించిన బొమ్మను మళ్లీ కడగొద్దు, వేరేవాళ్లకు అమ్మేటప్పుడు అతుకు సంగతి చెప్పి అమ్మాలి.

కిరాయి ఇల్లు మారేటప్పుడు

న్యూస్‌పేపర్‌లో చుట్టొద్దు, గ్లేజు లేని పింగాణీకి సిరా అంటుకుని వదలదు. అచ్చు లేని పలచటి తెల్లకాగితాన్ని వదులుగా నలిపి పూల మధ్య ఖాళీల్లో ఉంచండి, లోపలికి కుక్కొద్దు. బబుల్ షీటు చుట్టేటప్పుడు బుడగలు బయటివైపు రావాలి. ఎండలో ట్రాలీ ఆటోలో పోతున్నప్పుడు బుడగలు రంగుకు అంటుకుంటే గుండ్రటి మచ్చలు పడతాయి. చిన్న పెట్టెలో పెట్టి, దాన్ని నాలుగు పక్కలా 5 సెంటీమీటర్ల మెత్త ఉన్న పెద్ద పెట్టెలో పెట్టాలి. బరువంతా అడుగు మీద ఉండాలి, పూల మీద ఏదీ ఆనకూడదు. పెట్టె మీద ఏది పై వైపో తెలుగులో పెద్దక్షరాలతో రాయండి, సామాను దించేవాళ్లు బాణం గుర్తు చూడరు. కొత్త ఇంట్లో విప్పాక నలిపిన కాగితం ప్రతి ఉండనూ విడదీసి చూసి పారేయండి, ఊడిన రేకు ఉంటే అందులోనే ఉంటుంది.